అయిదో లెవెల్ దాకా

మా బడిలో ఇన్‌స్పెక్షన్ రోజున ఒక్క చెయ్యి కూడా కింద ఉండేది కాదు. ఆఫీసరుగారు ఏ ప్రశ్న అడిగినా క్లాసంతా చేతులు పైకి లేచేవి. ఆయన మురిసిపోయేవారు. అసలు సంగతేమిటంటే, జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలి. ముందురోజే పిల్లలకి తర్ఫీదు ఇచ్చేసేవాళ్ళం. కుడి చేతుల్లోంచి ఒకదాన్ని ఏరుకుని పిలవడమే మా పని. ఈ విద్య నేను కనిపెట్టింది కాదు. నా చిన్నప్పుడు మా పంతులమ్మగారు మా చేత చేయించారు. నేను ఎడమ చెయ్యి ఎత్తిన రోజులు కూడా ఉన్నాయి. టీచరునయ్యాక నా పిల్లల చేత నేను చేయించాను. చుట్టాలొస్తుంటే ఇల్లు సర్దుకోమా, ఇదీ అంతే కదా అనుకునేదాన్ని. తప్పని ఒక్కనాడూ తోచలేదు.

నేను లెక్కల టీచర్ని. రాజమండ్రిలో ఇల్లు, కడియం దాటాక కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో బడి. ఏడో తరగతి వరకే ఉండేది. పొద్దున్నే కోటిపల్లి బస్టాండులో బస్సెక్కి, దారి పొడుగునా పూలమొక్కల నర్సరీలు చూసుకుంటూ వెళ్ళేదాన్ని. నాకు నోరు జాస్తి. "ఆవిడ క్లాసులో ఈగ కూడా వాలదు" అని హెడ్మాస్టారు అంటుంటే అదో బిరుదులా ఉండేది నాకు. చదివేవాళ్ళని ముందు బెంచీల్లో కూర్చోబెట్టేదాన్ని. వెనక బెంచీలవాళ్ళని మట్టిబుర్రలనేదాన్ని. పరోక్షంగా కాదు, వాళ్ళ మొహం మీదే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా బడికి మూడు కంప్యూటర్లు వచ్చాయి. లారీ దిగగానే హెడ్మాస్టారు కొబ్బరికాయ కొట్టించారు. మూడింటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాం. పాత చీర చింపి ముసుగులు కుట్టాను. ఆ తర్వాత నాలుగు నెలలు వాటిని గదిలో పెట్టి తాళం వేశారు, పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని! నన్ను కాకినాడలో ట్రైనింగుకి పంపినప్పుడు గాని ఆ తాళం ఊడలేదు.

ట్రైనింగులో కుర్రాడు ఒకాయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తే. "మేడమ్, క్లాసులో నలభై మందికీ మీరు ఒకే లెక్క ఇస్తారు. పదిమందికి అది మరీ తేలిక, పదిహేనుమందికి మరీ కష్టం. ఈ ప్రోగ్రాం అలా కాదండి. ఎవరి లెక్క వాళ్ళకే ఇస్తుంది" అన్నాడు. పిల్లలు తమ నంబరు కొట్టి కూర్చోవాలి. ఎవరికి ఏది వచ్చో, ఎక్కడ తప్పుతున్నారో ఆ ప్రోగ్రామే కనిపెట్టి, ఆ తప్పు పోయేదాకా దాన్నే తిప్పి తిప్పి ఇస్తుంది. వచ్చిందని నమ్మకం కుదిరాకే పై లెవెల్‌కి పంపుతుంది. మొత్తం ఇరవై లెవెల్స్. ఒకసారి ఎక్కిన లెవెల్ నుంచి పిల్లల్ని కిందికి దించదు, చిన్నబుచ్చుకుంటారని. దించాలంటే టీచరు పాస్‌వర్డ్ కొట్టి మొత్తం చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ముప్ఫయ్యేళ్ళు నిండని ఈ అబ్బాయి నాకు పాఠం చెప్పడమేంటని లోపల గుర్రుగా ఉన్నా, నోట్సు మాత్రం బుద్ధిగా రాసుకున్నాను.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఏడో తరగతి, ఆఖరి బెంచీ, కిటికీ పక్కన. రెండు మడత జడలు, రిబ్బన్లు, జడలో ఎప్పుడూ ఏదో ఒక పువ్వు. వాళ్ళది చిన్న నర్సరీ. అమ్మా నాన్నా మొక్కలకి అంట్లు కట్టేవారు, బడి వదిలాక ఈ పిల్ల నల్ల సంచుల్లో మట్టి నింపేది. అందుకని గోళ్ళలో ఎప్పుడూ మట్టే. మట్టిబుర్ర అని నేను అనడానికి ఆ గోళ్ళు కూడా ఒక సాకు. వాళ్ళమ్మ ఒకసారి నా దగ్గరికొచ్చి చెప్పింది: "ఏడు పాసైతే హైస్కూలుకి పంపుతానన్నారండి వాళ్ళ నాన్న. తప్పితే ఇంక సంచుల్లో మట్టేనండి. తమరే ఎలాగైనా గట్టెక్కించాలండి, ఆయ్." ఏడో తరగతికి అప్పట్లో కామన్ పరీక్ష ఉండేది. మిగతావి ఎలాగో లాక్కొచ్చినా ఆ అమ్మాయి లెక్కల్లో గట్టెక్కదని నాకు తెలుసు. "చూద్దాంలే" అన్నాను.

కంప్యూటరు దగ్గర ఒక్కొక్కరికి పావుగంట. మొదటి వారంలోనే చదివేవాళ్ళు తొమ్మిదో లెవెలూ, పదో లెవెలూ దాటేశారు. ఈ అమ్మాయికి మాత్రం అది ఒకటో లెవెల్ నుంచి లెక్కలిచ్చింది. కూడికలు గబగబా చేసేసింది. తీసివేతల దగ్గర ఆగింది. నలభై రెండులోంచి పదిహేడు తీసేయమంటే ముప్ఫయి అయిదని కొట్టింది. మళ్ళీ ఇంకోటిచ్చింది. మళ్ళీ అలాంటి తప్పే. వెనక నిలబడి చూస్తున్న నాకు అప్పుడు వెలిగింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తోంది! పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవాలని ఆ పిల్లకి ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. మూడో తరగతిలో తప్పిపోయిన ఆ ఒక్క మెలిక మీదే నాలుగేళ్ళ భాగహారాలూ, భిన్నాలూ అన్నీ కూలిపోతున్నాయి. ముగ్గురు టీచర్లం నాలుగేళ్ళుగా చూడనిది ఆ పెట్టె మూడు రోజుల్లో పట్టేసింది.

తెర మీద పుల్లల కట్టలు చూపించింది. పది పుల్లలు ఒక కట్ట. కట్ట విప్పితే పది విడి పుల్లలు. ఆ అమ్మాయి కళ్ళు చిట్లించుకుని చూసి చూసి, ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచిపోయింది. "మేడమండీ! కట్ట విప్పాలండి!" అని గదంతా వినబడేలా అరిచింది. నాలుగేళ్ళలో ఆ పిల్ల గొంతు అంత పెద్దగా వినడం నాకు అదే మొదలు. ఆ రోజు నుంచి ఆమె వేరే మనిషి. కరెంటు పోతే అందరూ ఆటకి పరిగెత్తేవాళ్ళు. ఈ పిల్ల మాత్రం మౌసు మీద చెయ్యి తీయకుండా నల్లటి తెర ముందే కూర్చునేది. తను చేసిన ప్రతి లెక్కనీ నోటుబుక్కు వెనక పేజీల్లో ఎక్కించుకునేది. కార్తీకమాసం వెళ్ళేసరికి అయిదో లెవెల్‌కి వచ్చింది. ఒక్కరి సాయమూ లేకుండా, ఒక్కసారీ వెనక్కి తిరిగి నా మొహం చూడకుండా. ఇలాగే సాగితే మార్చికల్లా పరీక్ష పాసవుతుందని మొదటిసారి నమ్మకం కలిగింది. పైకి చెప్పలేదు గాని ఆ పిల్లని చూస్తే ముచ్చటేసేది.

అప్పుడు ఆఫీసరుగారి రాక తెలిసింది. కంప్యూటర్లు ఎలా వాడుతున్నామో చూడటానికి వస్తున్నారట. వెనకబడ్డ పిల్లలు ఎంత ముందుకొచ్చారో చూపే కాగితం ప్రింటు తీసి ఇవ్వాలట. హెడ్మాస్టారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు. "ఇదేంటండీ మేడమ్‌గారూ? అయిదో లెవెల్ అంటే మూడో తరగతి లెక్కలని పక్కనే రాసుందే! ఏడో తరగతి పిల్లలు మూడో తరగతి లెక్కలు చేస్తున్నారని మన చేత్తో మనమే రాసిచ్చుకుంటామా? పరువేం కావాలండీ?" అన్నారు.

"ఒకటి నుంచి అయిదుకొచ్చారు కదండీ మాస్టారూ, అదే కదా చూపించాల్సింది" అనాల్సింది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. కానీ మూడో తరగతి అన్న మాట నాకూ గుచ్చుకుంది. లెక్కల టీచర్ని నేను. ఆ కాగితం చూసినవాళ్ళు ఇన్నాళ్ళూ ఈవిడేం చెప్పిందని అడుగుతారు గాని, పెట్టె ఏం పట్టుకుందని అడుగుతారా? హెడ్మాస్టారు నన్ను ఏమీ చేయమనలేదు. ఆ సంగతి ఇక్కడ ఖచ్చితంగా చెప్పాలి. "చూసుకుంటాలెండి" అన్నది నేనే.

ఆ సాయంత్రం క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయిని, ఇంకో ఇద్దరు తెలివైన పిల్లల్ని బడి వదిలాక ఉండమన్నాను. వెనక బెంచీ ఆరుగురి నంబర్లూ ఒక చీటీ మీద రాసిచ్చాను. "ఈ నంబర్లతో కూర్చుని లెక్కలు చెయ్యండి, పద్నాలుగో లెవెల్ దాకా" అన్నాను. ఫస్టు వచ్చే పిల్ల చీటీ చూసి, "వాళ్ళవి మేం చేయొచ్చాండీ?" అంది. "సాయం చేస్తున్నావే, తప్పేముంది?" అన్నాను. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అలవాటైన పిల్లలే కదా, వెళ్ళి కూర్చున్నారు. రెండు సాయంత్రాల్లో నా మట్టిబుర్రలు ఆరుగురూ మేధావులైపోయారు. ఆ రెండు రోజులూ నర్సరీ వాళ్ళమ్మాయి జ్వరంతో బడికే రాలేదు. తను లేనప్పుడు తన నంబరు అయిదు నుంచి పద్నాలుగుకి ఎక్కింది.

ఆఫీసరుగారు వచ్చారు. కొబ్బరినీళ్ళు తాగారు. కాగితం చూసి కనుబొమలు ఎగరేశారు. "ఒకటి నుంచి పద్నాలుగా! ఎవరమ్మా ఈ అమ్మాయి?" అన్నారు. ఆ ముందురోజే జ్వరం తగ్గి వచ్చిన పిల్ల, నీరసంగా లేచి నిలబడింది. ఒక్క లెక్క అడిగుంటే అయిపోయేదాన్ని. ఆయన అడగలేదు. భుజం తట్టి, "శభాష్, అందరూ చప్పట్లు కొట్టండి" అన్నారు. అందరూ కొట్టారు. ఎందుకు కొడుతున్నారో తెలియక ఆ అమ్మాయి నావంక చూసింది. నేనూ చప్పట్లు కొట్టాను.

మర్నాడు తన వంతు వచ్చింది. నంబరు కొట్టి కూర్చుంది. తెర మీద శాతాలూ, బారువడ్డీ. పావుగంటసేపు అది టుంయ్, టుంయ్ మంటూనే ఉంది. తప్పు జవాబు కొట్టినప్పుడల్లా వచ్చే చప్పుడది. మధ్యాహ్నం నేను స్టాఫ్‌రూములో క్యారేజీ విప్పి అన్నం కలుపుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమండీ, నేను వేరేవాళ్ళ నంబరు కొట్టేశానేమోనండి. ఆ లెక్కలు నావి కాదండి."

"నీదే ఆ నంబరు."

"నేను అయిదులో ఉన్నానండి. ఇదిగోండి, రాసుకున్నాను." నోటుబుక్కు తెరిచి చూపించబోయింది.

హెడ్మాస్టారు ఎదురుగా కూర్చుని భోంచేస్తున్నారు. ఇంకో ఇద్దరు టీచర్లున్నారు. నేను ముద్ద మింగి, "పద్నాలుగు దాకా నువ్వే చేశావు. మర్చిపోయావు" అన్నాను.

"ఎప్పుడండీ?"

"జ్వరం రాకముందు. జ్వరంలో మర్చిపోయుంటావు. వెళ్ళు, వెళ్ళి అన్నం తిను."

ఆ పిల్ల నోటుబుక్కు వైపు చూసుకుంది. నావైపు చూసింది. కళ్ళలో అనుమానం లేదు. ఉంటే బాగుండేది. మేడమ్‌గారు చెప్పారు కాబట్టి అదే నిజమై ఉండాలి. "సరేనండి" అని నోటుబుక్కు మూసుకుని వెళ్ళిపోయింది. నేను మజ్జిగ పోసుకున్నాను.

పాస్‌వర్డ్ కొడితే రెండు నిమిషాల పని. చెరిపేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టేస్తే వారం తిరక్కుండా అయిదుకి వచ్చేసేది. కానీ ఆఫీసరుగారు మా బడి గురించి జిల్లాలో చెప్పారట. జనవరిలో కాకినాడలో నాకు సన్మానమట. నెల నెలా కాగితం పంపాలట. పద్నాలుగు ఉన్నట్టుండి ఒకటైతే ఎందుకైందని అడగరా? సన్మానం అయిపోయాక చూద్దాం అనుకున్నాను. శాలువా కప్పారు. ఫొటో తీశారు. నా నోటితో నేనే, "ప్రతి బిడ్డకీ తనదైన వేగం ఉంటుంది" అని మైకులో చెప్పాను. సిగ్గు లేకపోతే సరి!

ఈలోగా ఆ అమ్మాయి తన వంతు పావుగంట పక్కవాళ్ళకి ఇచ్చేయడం మొదలుపెట్టింది. క్లాసులో వచ్చిన లెక్కలు కూడా సగంలో ఆపేసేది. "ఏంటే, మళ్ళీ మొదటికొచ్చావా?" అని ఒకరోజు కసిరాను కూడా. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పిల్ల కనబడితే చాలు నాకు కోపం వచ్చేది.

సన్మానమై ఇంటికొచ్చిన మూడో రోజో నాలుగో రోజో, ఒక సోమవారం, వాళ్ళమ్మ బడికొచ్చింది. చేతిలో విస్తరాకు పొట్లం. వెనకాల ఆ అమ్మాయి, తలకి తువ్వాలు చుట్టుకుని.

"కోరుకొండ వెళ్ళొచ్చామండి. నరసింహస్వామి ప్రసాదమండి, తమకని తెచ్చాను" అంది.

"ఏంటి విశేషం?" అన్నాను.

"మా పిల్లకి ఆ జ్వరం బుర్రకెక్కేసిందండి. పద్నాలుగు దాకా చేసిన పిల్ల అన్నీ మర్చిపోయిందని మీరు చెప్పారంట కదండీ. రాత్రీ పగలూ ఏడుపేనండి, నాకు మతి పోతోందమ్మా అని. ఆర్‌ఎంపీ గారు బలానికి టానిక్ రాశారు, పనిచెయ్యలేదండి. మళ్ళీ బుర్ర కుదురుకుంటే తలనీలాలిస్తానని అదే మొక్కుకుందండి. కుదురుకున్నాక ఇద్దువు గానివే అంటే వినలేదండి. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి, ముందే ఇచ్చేస్తే స్వామి తొందరగా చూస్తాడంది. మెట్లన్నీ తనే ముందెక్కిందండి."

తువ్వాలు పక్కకి జరిగింది. గుండు. పసుపూ గంధమూ రాసిన నున్నటి గుండు. పన్నెండేళ్ళ ఆడపిల్లకి, రెండు మడత జడలూ పోయి. క్లాసులో వెనక నుంచి ఎవరో "గుండూ" అంటే ఆ పిల్ల తల వంచుకుంది.

నేనేం చేశానో చెబుతాను. పొట్లం తీసుకున్నాను. కళ్ళకద్దుకున్నాను. వాళ్ళమ్మ చూస్తూ ఉంది కాబట్టి ఒక పలుకు నోట్లో వేసుకున్నాను. "అన్నీ ఆయనే చూసుకుంటాడులెండి" అన్నాను. అంతకంటే నీచమైన మాట నా జన్మలో ఇంకోటి అనలేదు. అలాగేనండి, ఆయ్, అని ఆవిడ రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయింది.

ఆ వారమే కంప్యూటర్లు చూడటానికి ఇంకో ఆఫీసరుగారు వచ్చారు. ముందురోజు ఎప్పటిలాగే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి తర్ఫీదు జరిగింది. ఆయన బోర్డు దగ్గర నిలబడి, "నాలుగు వందల మూడులోంచి నూట యాభై ఏడు పోతే ఎంత?" అన్నారు. చేతులన్నీ లేచాయి. గుండుతో ఉన్న ఆ అమ్మాయి మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుడి లేదు, ఎడమ లేదు. అంత క్లాసులో ఆ పిల్ల ఒక్కతే ఆయన కంటపడింది.

"ఏమ్మా, నీకు తెలీదా?" అన్నారు.

లేచి నిలబడింది. "ఏమోనండి. నాకు తెలుసో తెలీదో మేడమ్‌గారికి తెలుసండి" అంది.

వెటకారం కాదు. ఆ పిల్లకి వెటకారం రాదు. ఆఫీసరుగారు పెద్దగా నవ్వేశారు. "చూశారా, గురువంటే ఎంత నమ్మకమో!" అన్నారు. హెడ్మాస్టారు కూడా నవ్వారు. ఆయన వెళ్ళాక నేను ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్ళి చూశాను. నోటుబుక్కు మీద పెన్సిలుతో రెండు వందల నలభై ఆరని రాసుంది. కట్టలు విప్పిన గుర్తులు కూడా ఉన్నాయి. తెలుసు. చక్కగా తెలుసు. తెలుసని చెప్పడానికి తనకి నా అనుమతి కావాలి.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే కంప్యూటరు గదిలో కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి ఆ నంబరు చెరిపేశాను. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, "మిషను పాడైందే, మళ్ళీ ఒకటి నుంచి చెయ్యాలి" అన్నాను. అప్పుడైనా నిజం చెప్పానా? లేదు. మిషను మీదకి నెట్టేశాను. కూర్చుంది. కూడికలొచ్చాయి. ప్రతి లెక్కకీ వేలు మీట మీద ఆపి, వెనక్కి తిరిగి, "ఇది రైటేనాండీ?" అని అడిగేది. అవునంటేనే నొక్కేది. అంతకు ముందు ఒక్కసారీ వెనక్కి తిరగని పిల్ల. పరీక్ష హాల్లో వెనక్కి తిరిగి అడగడానికి ఎవరుంటారు? మార్చి పరీక్షలో లెక్కల్లో తప్పింది.

మే నెల ఎండలో వాళ్ళ నర్సరీకి వెళ్ళాను. ఎందుకెళ్ళానంటే, ఆ పన్నెండేళ్ళ గుండు నాకు నిద్రపట్టనివ్వలేదు. ఆకుపచ్చ పరదా నీడలో తల్లీ కూతుళ్ళు కూర్చుని సంచుల్లో మట్టి నింపుతున్నారు. పిల్లకి తల మీద వెంట్రుకలు అంగుళం మేర మొలిచాయి. వాళ్ళమ్మ లేచి, చెంగుతో ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. నేను కూర్చోలేదు.

అన్నీ చెప్పేశాను. ఆ లెక్కలు ఈ పిల్ల చేయలేదనీ, జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడు నేనే వేరే పిల్లల్ని కూర్చోబెట్టి చేయించాననీ, మర్చిపోయావని చెప్పింది అబద్ధమనీ. నా పరువు కోసం చేశానని కూడా చెప్పాను. తిడుతుందని గట్టిగా నిలబడ్డాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

వాళ్ళమ్మ మట్టి చేతులతోనే దణ్ణం పెట్టింది. "అయితే మా పిల్లకి మతి పోలేదాండీ? ఏ జబ్బూ లేదాండీ? అమ్మయ్య! బతికించారండి. ఈ చల్లని మాట చెప్పడానికి ఇంత ఎండలో వచ్చారా మేడమ్‌గారండీ" అని కూతురి తల నిమిరింది. నాకు భూమి చీలి అందులో పడిపోతే బాగుండుననిపించింది.

"జూన్‌లో మళ్ళీ ఏడులో చేర్పించండి. రోజూ సాయంత్రం ఉండి నేనే చెబుతాను. పాస్ చేయించే పూచీ నాది" అన్నాను. వాళ్ళ నాన్నని అడగాలండి అంది ఆవిడ.

ఆ అమ్మాయి అప్పటిదాకా తలెత్తలేదు. ఒక సంచి నింపి, మట్టి అదిమి, పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకోలేదు.

"మేడమండీ."

"చెప్పమ్మా."

"మరి అయిదు దాకా చేసింది నేనేనాండీ? అవి కూడా వేరేవాళ్ళ చేత చేయించారాండీ?"

"లేదమ్మా. అయిదు దాకా నువ్వే చేశావు. నీ నోటుబుక్కులో ఉన్నాయి కదా. అవన్నీ నువ్వే చేశావు."

నా మొహంలోకి చూసింది. స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి చూసిన చూపే.

"సరేనండి" అంది.

ఆ రోజు మర్చిపోయావంటే ఎలా అందో, ఇప్పుడూ అలాగే అంది. ఆ సరేనండికీ ఈ సరేనండికీ వెంట్రుకవాసి తేడా లేదు. నేను నిజం చెప్పానో మళ్ళీ అబద్ధం చెప్పానో తేల్చుకునే దారి ఆ పిల్ల దగ్గర లేదు. ఉన్న ఒక్క దారినీ నేనే మూసేశాను.

ఇంకో సంచి తీసుకుని మట్టి నింపడం మొదలుపెట్టింది. జూన్‌లో బడి తెరిచారు. ఆ అమ్మాయి రాలేదు.